సమాధుల పండుగకు ముందు మీరడిగినవి

అక్టోబర్ సగానికి వచ్చేసరికి మాకు అందే ఉత్తరాల్లో సగం చనిపోయినవాళ్ళ గురించే ఉంటాయి. కతోలికులు తమ మృతులను స్మరించే నవంబర్ 2 దగ్గరపడుతోందని పోస్టుమాన్ కంటే ముందు మాకే తెలుస్తుంది. ఒకే సంగతి పదిమంది అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రం తీసుకున్నాం.

ప్రశ్న: మా పుట్టింటివారు కతోలికులు, మెట్టినింటివారిది లూథరన్ సంఘం. ఏటా నవంబర్ 2న మా అమ్మ సమాధి దగ్గరకు వెళతాను. "పూలు పెట్టు, కొవ్వొత్తి వెలిగించు, కాదనను. ప్రార్థన మాత్రం వద్దు, చనిపోయినవాళ్ళకు ప్రార్థించమని బైబిల్లో లేదు" అంటారు మా వారు. ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా ఒక చిన్న మాట సరిచేసుకుందామమ్మా. మీ అమ్మగారికి మీరు ప్రార్థించడం లేదు, మీ అమ్మగారి కోసం దేవుణ్ణి ప్రార్థిస్తున్నారు. మన ఇళ్ళలో జరిగే తగువుల్లో సగం ఈ 'కి', 'కోసం' దగ్గరే మొదలవుతాయి. మీవారికి ఈ తేడా చెప్పి చూడండి, గొంతు కొంచెం తగ్గవచ్చు.

మిగతా సగం తగువు మాత్రం నిజమైనదే. మీ బైబిల్లో 73 గ్రంథాలు, వారి బైబిల్లో 66. మీరు చూపించాలనుకునే వాక్యం వారి దగ్గర లేని గ్రంథంలో ఉంది. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యూదా మక్కబీయుడు యుద్ధంలో కూలిన తన సైనికులను పాతిపెట్టించబోతే, వారి అంగీల కింద యామ్నియా పట్టణపు విగ్రహాల తాయెత్తులు కనిపిస్తాయి. అతను వారిని వదిలేయలేదు. రెండువేల వెండి నాణేలు పోగుచేసి, వారి పాపం కోసం బలి అర్పించమని యెరూషలేముకు పంపాడు. మృతులు మళ్ళీ లేస్తారన్న నమ్మకం లేకపోతే వారికోసం ప్రార్థించడం వెర్రితనమయ్యేదని ఆ గ్రంథమే అంటుంది. ఈ ఒక్క వాక్యంతో మీవారిని గెలవాలని చూడకండి. వారు ఒప్పుకోని గ్రంథం నుంచి సాక్ష్యం తెస్తే వాదన ముదురుతుందే తప్ప తెగదు.

మన నమ్మకం ఏమిటో మీకు తెలిసి ఉంటే చాలు. దేవుని కృపలో మరణించినా ఇంకా పూర్తిగా శుద్ధికాని ఆత్మలు మోక్షానికి ముందు శుద్ధి పొందుతాయి. పెద్దలు దాన్నే ఉత్తరించు స్థలం అన్నారు. అక్కడున్నవారు రక్షణ పొందినవారే. అది నరకానికి చిన్న తమ్ముడు కాదు, చనిపోయాక ఇచ్చే రెండో అవకాశమూ కాదు. 1563లో మేత్రాణులు (బిషప్పులు) కూడిన ట్రెంట్ మహాసభ దీని గురించి ఖాయంగా చెప్పినవి రెండే: అలాంటి శుద్ధి ఉంది, అక్కడి ఆత్మలకు విశ్వాసుల ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యబలిపూజ (మాస్) సాయపడతాయి. ఎన్ని ఏళ్ళు, ఎంత మంట అన్న ఆసక్తి కబుర్లను, డబ్బాశ కనిపించే ఏ పనినీ దగ్గరకు రానీయవద్దని అదే సభ మేత్రాణులను హెచ్చరించింది. వర్ధంతి ప్రసంగాల్లో సలసల కాగే నూనె గురించి విన్నప్పుడల్లా మాకు ఆ హెచ్చరికే గుర్తొస్తుంది.

ఇక సమాధి దగ్గర ఇద్దరూ కలిసి చేయగలిగింది చాలా ఉంది. 1 తెస్సలోనిక 4:13–18 చదవండి. ఏడవవద్దని పౌలు అనలేదు, నిరీక్షణ లేనివారిలా ఏడవవద్దన్నాడు. యోహాను 11:25 చదవండి. ప్రభువే నా కాపరి అన్న కీర్తన పాడండి. అమ్మగారి బతుకు కోసం ఇద్దరూ దేవునికి కృతజ్ఞత చెప్పండి, లూథరన్ సంఘానికి అందులో అభ్యంతరం ఉండదు. పరలోక జపం కలిసి చెప్పండి. చివర్లో మీరొక్కరే నిత్య విశ్రాంతి ప్రార్థన చెప్పుకోండి, మీవారు మౌనంగా నిలబడతారు. అంతా కలిపి పావుగంట. ఈస్టర్ తెల్లవారుజామున వారి సంఘంవారు సమాధుల తోటకు వెళ్ళి పాటలు పాడే అలవాటు ఉంటే, ఆ రోజు మీరు వారితో వెళ్ళండి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదే కదా.

ప్రశ్న: నవంబర్ 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళితే ఆత్మలకు ఇండల్జెన్స్ దొరుకుతుందని మా ఉపదేశిగారు చెప్పారు. నేను ఎనిమిది రోజులూ వెళ్ళాను. తరువాత ఎవరో "పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయకపోతే అదేమీ చెల్లదు" అన్నారు. నా తిరుగుడంతా వృథాయేనా?
— ఒక పాఠకుడు, ఫిరంగిపురం

జవాబు: వృథా కాదు, కానీ నిండుగా దొరికి ఉండకపోవచ్చు. దీనికి లెక్క స్పష్టంగా ఉంది, వచ్చే నవంబర్‌కు పనికొచ్చేలా చెబుతాం.

పాపం క్షమించబడ్డాక కూడా అది మిగిల్చిన మచ్చ, దానికి తగిన శుద్ధి ఉంటాయి. ఆ మిగిలిన దండనను శ్రీసభ (కతోలిక సంఘం) తన ప్రార్థనా బలంతో తొలగించమని దేవుణ్ణి వేడడమే ఇండల్జెన్స్. నవంబర్ 1 నుంచి 8 లోపు ఏ రోజైనా భక్తితో సమాధుల తోటను దర్శించి, మృతుల కోసం మనసులోనైనా ప్రార్థిస్తే పరిపూర్ణ ఇండల్జెన్స్ దొరుకుతుంది. అది మృతులకే చెందుతుంది, మీ ఖాతాలో వేసుకోలేరు. నవంబర్ 2న మరో దారి కూడా ఉంది: ఏదైనా చర్చికి వెళ్ళి పరలోక జపం, విశ్వాస సంగ్రహం చెప్పడం. నడవలేని పెద్దవాళ్ళకు సమాధుల తోట కంటే ఇది సులువు.

వెళ్ళడం ఒక భాగమే. దానితోపాటు పాపసంకీర్తనం చేయాలి, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) స్వీకరించాలి, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థించాలి. ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెబితే ఆ చివరిది తీరినట్టే. పాపసంకీర్తనం అదే రోజు చేయనక్కర్లేదు, దర్శనానికి ఇరవై రోజులు ముందో వెనకో చేసినా సరిపోతుంది. ఒక్క పాపసంకీర్తనం ఎనిమిది రోజులకూ చాలు. సత్ప్రసాదం, పోపుగారి కోసం ప్రార్థన మాత్రం ప్రతి ఇండల్జెన్స్‌కూ విడివిడిగా ఉండాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎనిమిది రోజులు తోటకు వెళ్ళి ఆదివారం ఒక్కసారి సత్ప్రసాదం తీసుకుంటే పరిపూర్ణంగా దొరికేది ఒక్కటే. రోజుకు ఒకటి మించి దొరకదు కాబట్టి, ఉదయం అమ్మ కోసం, సాయంత్రం నాన్న కోసం అని ఒకేరోజు రెండు సార్లు వెళ్ళినా లెక్క మారదు. ఉదయం పూజలో సత్ప్రసాదం తీసుకుని, సాయంత్రం డ్యూటీ దిగాక తోటకు వెళ్ళడం మాత్రం పూర్తిగా సరిపోతుంది.

కష్టమైన షరతు చివర్లో ఉంది: ఏ పాపం మీదా, చిన్న పాపం మీదైనా, మనసులో మమకారం లేకుండా ఉండాలి. ఇది ఒక్కటి లోపించినా పరిపూర్ణం కాస్తా పాక్షికమవుతుంది. మీ ఎనిమిది రోజులూ ఈ విధంగా పాక్షికంగానైనా చేరే ఉంటాయి. కాళ్ళు నొప్పెట్టాయని బాధపడకండి.

ఇంకొకటి. దీనికి పైసా ఖర్చు లేదు, ఉండకూడదు కూడా. 16వ శతాబ్దంలో ఇండల్జెన్సుల మీద లేచిన గొడవ డబ్బు దగ్గరే రాజుకుంది. 1567లో పునీత ఐదవ పయస్ పోపుగారు డబ్బు ముడిపెట్టిన ఇండల్జెన్సులన్నీ రద్దుచేశారు. ఎవరైనా మీ దగ్గర కవరు చాచితే ఆ తేదీ చెప్పండి.

ప్రశ్న: నేను కువైట్‌లో పనిచేస్తున్నాను. నవంబర్ 2న మా నాన్న పేరున పూజ చెప్పించమని ఊళ్ళో విచారణకు (పారిష్‌కు) డబ్బు పంపాను. ఆ రోజు యూట్యూబ్ లైవ్‌లో చూస్తే పేరు చదవలేదు. ఫాదర్‌గారిని అడిగితే "వేరే రోజు చేశాను బాబూ" అన్నారు. ఇది సరైనదేనా? గ్రెగోరియన్ పూజలు అంటే ఏమిటి, అవి పెట్టిస్తే మంచిదా?

జవాబు: ఫాదర్‌గారు చేసింది సరైనదే అయ్యుండవచ్చు. నవంబర్ 2న గురువులు (ఫాదర్లు) మూడు పూజలు చేయవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1915లో పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు ఈ అనుమతి ఇచ్చారు. అయితే ఆ మూడింట్లో ఒక్కటి మాత్రమే గురువు తాను ఎంచుకున్న ఉద్దేశం కోసం, కానుక తీసుకుని చేయగలరు. రెండోది మృతవిశ్వాసులందరి కోసం, మూడోది పోపుగారి ఉద్దేశాల కోసం. విచారణలో నాలుగొందల కుటుంబాలు ఉండి, అందరూ అదే రోజు తమ నాన్నగారి పేరే అడిగితే గురువు ఏం చేయగలరు? రెండో పూజలో మీ నాన్నగారు ఎలాగూ ఉన్నారు.

పేరు చదవడం వేరు, పూజ అర్పించడం వేరు. బయటివారికి తెలియనిది ఇదే. కానుక తీసుకున్న గురువు ఆ ఉద్దేశం కోసం ఒక పూజను అర్పించాలి, పేరు మైకులో వినిపించినా వినిపించకపోయినా అది చెల్లుతుంది. తిరగేసి చూస్తే, విడి పూజకని కానుక తీసుకుని, ఒకే పూజలో ముప్ఫై పేర్లు గబగబా చదివేసి సరిపెట్టడం తప్పు. శ్రీసభ చట్టసంహితలోని చట్టం 948 ప్రకారం విడివిడిగా ఇచ్చిన కానుకలకు విడివిడి పూజలే. కానుకలు ఇచ్చినవారికి ముందే స్పష్టంగా చెప్పి, వారు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే కొన్ని ఉద్దేశాలను ఒక పూజలో కలపవచ్చు. 2025 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చిన వాటికన్ ఆదేశం కూడా ఈ ఒప్పుకోలు మీదే నొక్కిచెప్పింది. అందుకని డబ్బు పంపేటప్పుడే "విడి పూజా, కలిపి చేసే పూజా?" అని అడగండి. మర్యాద తక్కువ ప్రశ్న కాదది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు నాన్నగారి ఇంటి పేరు, పిలుపు పేరు కాక జ్ఞానస్నానం పేరు, మరణించిన తేదీ, మీకు కావలసిన తేదీ, అది కుదరకపోతే ఏ తేదీ అయినా ఫర్వాలేదా అన్నది రాయండి. ఊళ్ళో అందరూ "చిన్నోడు" అనే పిలిచినా, ఆ పేరున పూజల పుస్తకంలో రాస్తే తరువాత గురువు మారినప్పుడు ఎవరికీ అర్థం కాదు. ఆదివారం అడిగేముందు ఒకటి గుర్తుంచుకోండి: ప్రతి ఆదివారం విచారణ గురువు ఒక పూజను తన విచారణ ప్రజలందరి కోసం అర్పించి తీరాలి, దానికి కానుక ఉండదు. ఆదివారం ఒకే పూజ జరిగే ఊళ్ళో ఆ రోజు మీ పేరు దొరకదన్నమాట. మామూలు రోజు అడగండి, పూజ విలువ తగ్గదు. కానుక ఎంతన్నది మేత్రాణులు కలిసి నిర్ణయిస్తారు. గురువు అంతకు మించి అడగకూడదు, మీరు ఇష్టపడి ఇస్తే తీసుకోవచ్చు. ఇవ్వలేనివారి కోసం కానుక లేకుండానే పూజ చేయమని చట్టమే గురువులను ప్రోత్సహిస్తుంది.

గ్రెగోరియన్ పూజలంటే మరణించిన ఒకే వ్యక్తి కోసం ముప్ఫై రోజులు వరుసగా, ఒక్కరోజు తప్పకుండా చేసే ముప్ఫై పూజలు. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న పునీత మహా గ్రెగోరీ చెప్పిన ఒక సంఘటన దీనికి మూలం. ఆయన మఠంలో యుస్తుస్ అనే సన్యాసి నియమానికి విరుద్ధంగా మూడు బంగారు నాణేలు దాచుకుని చనిపోయాడు. అతని కోసం ముప్ఫై రోజులు పూజ చేయించారు, ఆ తరువాత తాను బాగున్నానని అతను తన సోదరుడికి కనిపించి చెప్పాడట. బతికున్నవారి కోసం ఇవి పెట్టకూడదు, ఇద్దరు ముగ్గురిని కలపకూడదు. ఒకే గురువు, ఒకే బలిపీఠం కానక్కర్లేదు. గురువుకు జబ్బుచేసో, ఊళ్ళో అనుకోని అంత్యక్రియలు వచ్చో మధ్యలో తెగితే, వీలైనంత త్వరగా మిగతావి పూర్తిచేస్తే చాలని 1967లో స్పష్టం చేశారు. ఒంటరి విచారణ గురువుకు ఇది పెద్ద భారం. నెలరోజులు వేరే ఎవరి ఉద్దేశమూ తీసుకోలేరు. కాబట్టి మఠాల్లోనో, ఎక్కువమంది గురువులున్న చోటో అడగండి. ఇవి పెట్టిస్తే ముప్ఫై ఒకటో రోజు ఆత్మ మోక్షానికి చేరుతుందన్న హామీ మాత్రం శ్రీసభ ఎక్కడా ఇవ్వలేదు. మా సలహా అడిగితే, వర్ధంతికి ఒక పూజ, ఆ రోజు ఊళ్ళో ఒక పేదపిల్ల ఫీజు. దానం కూడా మృతులకు సాయమేనని శ్రీసభ ఎప్పటినుంచో చెబుతోంది.

ప్రశ్న: మా తాతగారు పవిత్ర గురువారం రాత్రి కన్నుమూశారు. శుక్రవారం భూస్థాపన చేశాం. పూజ చేయలేదు, గంట కొట్టలేదు, పాట కూడా పాడనివ్వలేదు. అరవై ఏళ్ళు చర్చికి సేవచేసిన మనిషికి ఇదా మర్యాద?
— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ బాధ అర్థమైంది, కానీ ఇందులో అవమానం లేదు. పవిత్ర శుక్రవారం, శనివారం పగలు ప్రపంచంలో ఎక్కడా పూజ జరగదు. సాక్షాత్తు పోపుగారు చనిపోయినా జరగదు. శుక్రవారం భూస్థాపన చేయాల్సి వస్తే పాటలు, వాయిద్యాలు, గంటలు లేకుండా చేయాలని నియమం. ఆ రోజు శ్రీసభ అంతా ఒకే సమాధి దగ్గర కూర్చుని ఉంటుంది. మీ తాతగారి పెట్టె కూడా ఆ మౌనంలోనే వెళ్ళింది.

మృతదేహం ముందు చేసే అంత్యక్రియల పూజ పవిత్ర గురువారం, పాస్కా త్రిదినాలు (ఆ సాయంత్రం నుంచి ఈస్టర్ వరకు), క్రిస్మస్ ముందుండే ఆగమన కాలపు, ఈస్టర్ ముందుండే తపస్కాలపు, ఈస్టర్‌తో మొదలయ్యే పాస్కాకాలపు ఆదివారాలు, క్రిస్మస్ లాంటి తప్పనిసరి పండుగ రోజుల్లో కుదరదు. సాధారణ కాలపు ఆదివారాల్లో కుదురుతుంది. కుదరని రోజున వాక్య పఠనం, విజ్ఞాపనలు, తీర్థం, ధూపం, చివరి వీడ్కోలు ప్రార్థన అన్నీ ఉంటాయి, పూజ ఒక్కటే ఉండదు. ఆ పూజ తరువాత చేయించుకోవాలి. మీ విషయంలో ఈస్టర్ అష్టకం (ఈస్టర్ నుంచి ఎనిమిది రోజులు) దాటాక ఒక మామూలు రోజు చూసి అడిగి ఉంటే బాగుండేది. ఇప్పటికీ ఆలస్యం కాలేదు.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో చనిపోయాడు. అక్కడే దహనం చేశారు. అస్థికలు తెచ్చి సగం అమ్మ సమాధిలో, సగం కృష్ణలో కలపాలని వదిన అంటోంది. మిగిలిన చిటికెడు లాకెట్‌లో పెట్టుకుంటానంటోంది. కతోలికులు ఇలా చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దహనం తప్పుకాదు. 1963 దాకా నిషేధం ఉండేది, ఆ ఏడు వాటికన్ దాన్ని సడలించింది. 1983 చట్టసంహిత (1176) భూస్థాపననే గట్టిగా సిఫారసు చేస్తుంది, కానీ పునరుత్థానాన్ని కాదనడానికే ఎంచుకుంటే తప్ప దహనాన్ని నిషేధించదు. బూడిద అయిన శరీరాన్ని దేవుడు లేపలేడన్న భయం ఎవరికీ అక్కర్లేదు. మంటల్లో కాలి చనిపోయిన వేదసాక్షులను తలచుకోండి.

అస్థికల విషయంలో 2016 ఆగస్టు 15 నాటి వాటికన్ సూచన సూటిగా ఉంది. వాటిని పవిత్ర స్థలంలో, అంటే సమాధుల తోటలోనో చర్చిలో దానికోసం కట్టిన గూటిలోనో ఉంచాలి. నేలమీద గానీ నీటిలో గానీ చల్లకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు, పంచుకోకూడదు, నగల్లో పొదగకూడదు. మనిషి జ్ఞాపకం ఒక చోట, ఒక పేరుతో ఉండాలని, వచ్చే తరంవారు కూడా వెళ్ళి ప్రార్థించగలగాలని దీని ఉద్దేశం. నదిలో కలిపితే రెండో తరానికి వెళ్ళే చోటే ఉండదు. ఆ లాకెట్ దొంగలు కొట్టేస్తే ఎలా ఉంటుందో మీ వదినకు చెప్పండి, అర్థమవుతుంది. 2023 డిసెంబర్‌లో ఇచ్చిన జవాబుల్లో, మృతునికి ముఖ్యమైన చోట కొద్ది భాగం ఉంచుకోవచ్చేమో స్థానిక అధికారులు పరిశీలించవచ్చని వాటికన్ కొంత వెసులుబాటిచ్చింది. అది ఎవరికివారు తీసుకునే నిర్ణయం కాదు, మేత్రాసన (బిషప్) కార్యాలయాన్ని అడగాలి.

అస్థికలన్నీ అమ్మగారి సమాధిలో పెట్టడమే మీ ఇంటికి సరైనది. విమానంలో తెచ్చేటప్పుడు దహన ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. కలశం లోహంతోనో రాయితోనో చేసింది అయితే స్కానర్‌లో లోపల ఏముందో కనిపించదు, విమానాశ్రయంలోనే ఆపేస్తారు. చెక్కదో పలచని ప్లాస్టిక్‌దో మంచిది. ఇత్తడి కలశం ఇక్కడికొచ్చాక కొనుక్కోవచ్చు. టికెట్ తీసుకోకముందే ఇండియన్ కాన్సులేట్‌ను, విమాన సంస్థను ఏ కాగితాలు కావాలో అడగండి.

ప్రశ్న: మా తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నాడు. వాడికి పూజ అడగవచ్చా? అమ్మ అడగడానికే భయపడుతోంది.
— పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: అడగవచ్చు, అమ్మగారు నిర్భయంగా అడగవచ్చు. 1917 చట్టసంహితలో తెలిసి ఆత్మహత్య చేసుకున్నవారికి శ్రీసభ అంత్యక్రియలు నిరాకరించే నియమం ఉండేది. 1983 చట్టసంహితలో ఆ మాట లేదు. చాలామంది పెద్దల మనసులో మాత్రం పాత చట్టమే ఇంకా నడుస్తోంది. తీవ్రమైన మానసిక వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, ఇలా మరణించినవారి రక్షణ విషయంలో ఆశ వదులుకోకూడదని, తనకు మాత్రమే తెలిసిన మార్గాల్లో దేవుడు వారికి పశ్చాత్తాపానికి అవకాశం ఇవ్వగలడని కతోలిక సత్యోపదేశం (2282, 2283) చెబుతుంది. శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుంది. ఎవరైనా మీ తమ్ముడి పేరు చదవడానికి వెనకాడితే ఆ రెండు అంకెలు చూపించండి. మీరు గానీ అమ్మగారు గానీ ఒంటరిగా మోయలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ-మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ప్రశ్న: ఏడో నెలలో పుట్టి గంటలోనే చనిపోయిన పాపకు జ్ఞానస్నానం ఇవ్వలేకపోయాం. ఆసుపత్రిలో ఎవరో "లింబోకు పోతుంది" అన్నారు.

జవాబు: ఆ మాట అన్నవారిని క్షమించండి, పట్టించుకోకండి. లింబో అంటే జ్ఞానస్నానం లేని శిశువులు చేరతారని కొందరు ఊహించిన చోటు, అది ఏనాడూ తప్పక నమ్మాల్సిన సత్యం కాదు. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం ఇలాంటి శిశువుల రక్షణ కోసం ఆశించడానికి గట్టి కారణాలున్నాయని వివరంగా రాసింది. జ్ఞానస్నానం ఇప్పించాలని మీరు అనుకున్నారు కాబట్టి, మేత్రాణుల అనుమతితో పాపకు శ్రీసభ అంత్యక్రియలు జరగవచ్చు (చట్టం 1183). అలాంటి శిశువు కోసం పూజా గ్రంథంలో వేరే ప్రార్థనలే ఉన్నాయి. ఇంకోసారి ఇంట్లో ఎవరికైనా అలాంటి గండం వస్తే, నర్సు అయినా, తండ్రి అయినా, ఎవరైనా సరే బిడ్డ తలపై నీళ్ళు పోస్తూ "పితయొక్కయు, పుత్రునియొక్కయు, పవిత్రాత్మయొక్కయు నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అంటే చాలు.

ప్రశ్న: పదకొండు రోజులు ఆత్మ ఇంటి చుట్టూ తిరుగుతుందని, నీళ్ళగ్లాసు పెట్టాలని మా వీధిలో క్రైస్తవులే అంటున్నారు.

జవాబు: లేదు. మరణించిన క్షణంలోనే ఆత్మ దేవుని తీర్పు ముందు నిలుస్తుంది. మూడోనాడో పదకొండోనాడో బంధువులు కూడి ప్రార్థించడం మంచిదే, ఆ అంకెల్లో శక్తి మాత్రం లేదు. ఆ నీళ్ళు దాహంతో వచ్చిన బంధువులకు ఇవ్వండి.

ప్రశ్న: ఏటా సమాధికి సున్నం వేస్తాం. పండుగ నాటికి పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. పోయిన ఏడు వేసిన కొత్త సమాధికి గ్రానైట్ పలక పగిలింది. ఎక్కడ తప్పుతున్నాం?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తప్పు ఎక్కువగా తేదీలో ఉంటుంది. అందరూ నవంబర్ 1న బ్రష్షు పట్టుకుంటారు. అది మనకు ఈశాన్య రుతుపవనాల కాలం, ఆ రాత్రి ఒక జల్లు పడితే చాలు. అక్టోబర్ 28, 29లకే ముగించండి, కనీసం రెండు పొడి రోజులు దొరకాలి.

ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు సమాధికి కిలో రాతిసున్నం సరిపోతుంది. ఇనుప డబ్బాలో ఐదు లీటర్ల నీళ్ళు పోసి సున్నం కొంచెం కొంచెంగా వేయండి. కుతకుతా ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ మెత్తబడిపోతుంది, పిల్లలను దూరంగా ఉంచండి. కంట్లో చింది పడితే వెంటనే నీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక రోజంతా నానబెట్టి గోనెగుడ్డలో వడగట్టండి. వేడినీళ్ళలో కరిగించిన తుమ్మజిగురు 20 గ్రాములు కలపండి. పొడిపొడిగా రాలడం ఆగేది దానితోనే. తెల్లదనానికి నీలిమందు మూడు గ్రాములు మించకుండా వేయండి, ఎక్కువైతే సమాధి నీలంగా తేలుతుంది. వేసేముందు పాత పొలుసులను తీగబ్రష్షుతో గీకి, నాచు కడిగి, గోడను కాస్త తడిపి, పలచగా రెండు పూతలు వేయండి. ఒకే మందపు పూత వేస్తే ఆరేటప్పుడు పగిలి లేస్తుంది. గతంలో ఎవరైనా పెయింటు వేసి ఉంటే దానిమీద సున్నం అంటదు, ఎంత జిగురు కలిపినా అంతే. ఆ పెయింటు గీకేయాలి, లేదా ఇకమీదట పెయింటే వేసుకోవాలి.

గ్రానైట్ పగలడానికి కారణం తొందర. కొత్తగా పూడ్చిన మట్టి ఒక వానాకాలం గడిచేదాకా కుంగుతూనే ఉంటుంది. ఏడాది ఆగి, కుంగినచోట మట్టి నింపి, దిమ్మిస కొట్టాకే పలక వేయించాలి. అప్పటిదాకా చెక్క శిలువ, మట్టి దిబ్బ చాలు. చెక్కించేముందు అక్షరాలను కాగితంమీద పెద్దగా రాసి, ఇంట్లో ఇద్దరితో ఒత్తులు, తేదీలు చదివించండి. రాతిమీద పడ్డ తప్పుకు రబ్బరు లేదు.

పాలరాయిని బాత్‌రూమ్ యాసిడ్‌తో కడగవద్దు, మెరుపు తినేస్తుంది. సబ్బునీళ్ళు చాలు. కొవ్వొత్తులను పలకమీద నేరుగా అతికించకండి. మైనం గ్రానైట్‌లోకి ఇంకి జిడ్డుమచ్చ పడుతుంది, పక్కన ప్లాస్టిక్ దండ ఉంటే అంటుకుంటుంది. ఇసుక పోసిన మట్టి ప్రమిదలో నిలబెట్టండి. పడిన మైనాన్ని గట్టిపడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి, మిగిలినదాన్ని వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో అద్దండి.